విజిల్ వేసేదాకా ఆగొద్దు

కొత్తగా ఉద్యోగంలో చేరిన డ్రిల్లు మాస్టర్లు అప్పుడప్పుడు పేట్ బషీరాబాద్‌లోని మా ఇంటికి వస్తుంటారు. టీ తాగుతూ, "మీ పిల్లలు మీ మాట జవదాటేవారు కాదట గదా సార్, ఎట్ల తెచ్చిన్రు అంత డిసిప్లిన్?" అని అడుగుతారు. ఏదో ఒకటి చెప్పి మాట మారుస్తాను. మాట మార్చకుండా చెప్పాలంటే ఇంత చెప్పాలి. ఓపిక ఉన్నవాళ్లు చదవండి.

మాది కొల్లేటి పక్క ఊరు. ఉద్యోగం వేటలో ఇటు వచ్చి మేడ్చల్ దగ్గర ఒక సర్కారు బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా కుదురుకున్నాను. తొంభైల చివర్లో ఆ బడి నుంచి ఆడపిల్లల సైకిల్ జట్టును తయారు చేశాను. నలుగురు పిల్లలు, తొమ్మిదీ పదీ చదివేవాళ్లు. రోజూ అత్వెల్లి నుంచి, ఆ చుట్టుపక్కల ఊళ్ల నుంచి బడికి సైకిలు తొక్కుకుంటూ వచ్చేవాళ్లే. వాళ్ల పిక్కల బలం చూసి నాకు ఆశ పుట్టింది. మామూలు సైకిళ్లకే మడ్‌గార్డులు, క్యారియర్లు, స్టాండ్లు ఊడబీకి, సీట్లు పైకి లేపి రేసు సైకిళ్లు అనిపించాం. అనిపించడం అంటే మాకు మేమే అనిపించుకున్నాం లెండి.

ఆ సైకిళ్లను బతికించింది మా బడి అటెండరు. నాకంటే పదేళ్లు పెద్ద. బడి మొత్తం ఆయన్ని చాచా అనేది, నేనూ అదే అన్నాను. షామీర్‌పేట చెరువు కింద ఆయన అన్నదమ్ములకు పొలం ఉండేది. నా స్కూటర్ వెనక కూర్చుని, భుజానికి జందెంలా రెండు సైకిల్ ట్యూబులు, చేతిలో పంపు పట్టుకుని ప్రతి ప్రాక్టీసుకూ వచ్చేవాడు. మాట తక్కువ మనిషి. నాకు నోరు ఎక్కువ. జోడీ బాగానే కుదిరింది.

జట్టుగా సైకిలు తొక్కే పోటీలో నలుగురూ ఒకరి వెనక ఒకరు, మూరెడు ఎడంలో పోవాలి. ముందున్నవాళ్లు ఎదురుగాలిని కోస్తే వెనక ముగ్గురికీ శ్రమ తగ్గుతుంది. వెనకవాళ్లు తలెత్తి రోడ్డు చూడరు. ముందున్న చక్రాన్ని మాత్రమే చూస్తారు. అలాంటప్పుడు ముందున్న పిల్ల ఉన్నట్టుండి బ్రేకు పట్టిందనుకోండి, అందరూ కుప్పకూలుతారు. ఒకసారి అలాగే జరిగింది. తూంకుంట దగ్గర కుక్క అడ్డం వచ్చిందని అప్పుడు ముందున్న పిల్ల బ్రేకు వేసింది, ఒక పిల్లకు పన్ను విరిగింది. ఆ రోజు నాకు ఒళ్లు మండిపోయింది. అప్పుడు పెట్టాను ఆ నియమం: నేను విజిల్ వేసేదాకా ఎవరూ ఆగొద్దు. విజిల్ వినకుండా బ్రేకు పట్టినవాళ్లు జట్టులోంచి పోయినట్టే.

ఊరికే బెదిరించలేదు. వారం తర్వాత ఒక పిల్ల బ్రేకు పడితే నిజంగానే తీసేశాను. ఆ పిల్ల మూడు రోజులు గ్రౌండు అంచున నిలబడి ఏడ్చింది. నాలుగో రోజు రావడం మానేసింది. నేను చలించలేదు, పైగా దాన్ని గొప్ప అనుకున్నాను. ఆ ఖాళీలో వచ్చిన పిల్లే ఈ కథలో ముందుపిల్ల. అత్వెల్లిలో ద్రాక్షతోటలో పనిచేసే ఒకాయన కూతురు. సన్నగా, నల్లగా, ఎప్పుడూ పెదవి కొరుక్కుంటూ ఉండేది. గాలికి ఎదురు తొక్కడంలో ఆ పిల్లకు సాటి లేదు.

ఆ ఏడు రాష్ట్రస్థాయి పోటీ కొల్లేటి అంచున పెట్టారని కబురు వచ్చింది. నా సంబరం చెప్పలేను. మా వైపు రోడ్లు బల్లపరుపుగా ఉంటాయి. ఒక పక్క కాలవ, ఇంకో పక్క చేపల చెరువు, మధ్యలో కిలోమీటర్ల కొద్దీ తిన్నటి రోడ్డు. వినడానికి సుఖంగా ఉంటుంది గానీ, పల్లం అనేదే లేని రోడ్డు మీద కాలికి విశ్రాంతి ఉండదు, తొక్కుతూనే ఉండాలి. మేడ్చల్ చుట్టుపక్కల అన్నీ ఎక్కుడు దిగుళ్లు. మాకు దొరికిన చదును రోడ్డు ఒక్కటే, షామీర్‌పేట చెరువు కట్ట కింద వరిపొలాల మధ్య పోయేది. కాబట్టి రోజూ తెల్లారి పిల్లల్ని మేడ్చల్ నుంచి అక్కడికి తీసుకుపోయేవాణ్ని.

పోటీ ఇక పది రోజులుందనగా వానలు పట్టుకున్నాయి. రెండు రోజులు ప్రాక్టీసు పోయింది. మూడో రోజు తెరిపి ఇవ్వగానే బయల్దేరదీశాను. చెరువు కింది రోడ్డుకు తిరిగే మలుపు దగ్గర చాచా నా భుజం తట్టాడు.

"సార్, రాత్రి సంది మత్తడి దుంకుతాంది. గా కింది రోడ్డు దిక్కు నక్కో, పోవద్దు."

చెరువు నిండి మిగులు నీళ్లు పొర్లిపోయే గట్టును ఇక్కడ మత్తడి అంటారు. ఆ నీళ్లు రోడ్డు పల్లంగా ఉన్న ఒకచోట దాని మీదుగానే దాటి వాగులోకి పోతాయి.

"రోడ్డు మీద ఎంత లోతుంటుంది చాచా?" అన్నాను.

"పిక్కల దాంక ఉంటది."

నేను నవ్వాను. "పిక్కల లోతు నీళ్లలో మావాళ్లు పెళ్లిళ్లకు పోతారయ్యా. నేను బడికి పోయిందే అలాగ."

"మీ దిక్కు నీళ్లు వేరే సార్."

"నీళ్లు ఎక్కడైనా నీళ్లే."

చాచా ఇంకేమీ అనలేదు. ఆయన అనకపోవడాన్ని నేను ఒప్పుకోవడం కింద జమకట్టాను. పిల్లల్ని నిలబెట్టి మా ఊరి విద్య బోధించాను: "రోడ్డు మీద నీళ్లొస్తాయి. తొక్కుడు ఆపితే పడతారు. ఆపకుండా ఒకే వేగంతో తొక్కుకుంటూ పోండి. నేను వెనకే ఉంటాను. విజిల్ వేసేదాకా ఆగొద్దు."

"సరే సార్," అన్నారు నలుగురూ. ముందుపిల్ల పెదవి కొరుక్కుంది.

వాళ్లు పోయారు. నేను స్కూటర్ కిక్కు కొట్టాను. స్టార్ట్ కాలేదు. దారిలో గుంటల నీళ్లు చిమ్మి ప్లగ్గు తడిసినట్టుంది. ఇంకో పది కిక్కులు కొట్టాను. చాచా ప్లగ్గు ఊడదీసి బనీనుకు తుడిచాడు. అప్పటికి పిల్లలు రెండు ఫర్లాంగులు దాటి ఉంటారు. నాకు చిరాకే గానీ భయం లేదు. నీళ్లు దాటి అవతల ఆగుతారులే అనుకున్నాను. అంతలో గాలి ఇటు తిరిగింది.

ఆ చప్పుడు అప్పుడు విన్నాను. మా కొల్లేటి నీళ్లకు చప్పుడు ఉండదు. వరదొచ్చినా ఇంట్లోకి పిల్లిలా వస్తుంది. ఇది అలా లేదు. లారీలు వరసగా వంతెన మీద పోతున్నట్టు, ఆగకుండా, కింద నేల అదిరేట్టు ఉంది. చాచా ముఖం చూశాను. ఆయన ప్లగ్గు చేతిలో పట్టుకుని అటే చూస్తున్నాడు.

"ఇంత ఉంటుందా చాచా?"

"నేను జెప్పింది గదే సార్," అన్నాడు. ఆ గొంతులో దెప్పడం లేదు, వణుకు ఉంది.

స్కూటర్ అక్కడే పడేసి పరిగెత్తాను. ముందు కనుచూపు మేరలో నలుగురు పిల్లలు, నేను నేర్పినట్టే తలలు వంచి, మూరెడు ఎడంలో, ఒకే తీరుగా తొక్కుతున్నారు. అంత అందంగా వాళ్లు ఎన్నడూ తొక్కలేదు. ఆ మాట చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది గానీ నిజం. విజిల్ నోట్లో పెట్టుకుని బుగ్గలు పగిలేట్టు ఊదాను. ఆ హోరులో అది నాకే సరిగ్గా వినిపించలేదు. పిల్లలు ఆగలేదు. మళ్లీ ఊదాను. పేర్లు పెట్టి అరిచాను. రోడ్డు వంపు తిరిగింది, ఈత చెట్లు అడ్డం వచ్చాయి, పిల్లలు కనిపించకుండా పోయారు.

చాచా చెప్పులు విడిచేసి పొలం గట్ల మీద అడ్డంగా పడి పరిగెత్తాడు. నేను రోడ్డు మీదే పోయాను. నలభై దాటిన వయసు. రోజూ పిల్లల్ని పరిగెత్తించి నేను నీడలో నిలబడే ఉద్యోగం. నలుగురి తల్లిదండ్రుల ముఖాలూ ఒకదాని వెనక ఒకటి కళ్ల ముందుకు వస్తున్నాయి. ఏమని చెప్పాలి, ఎవరి గడప ముందు తొక్కాలి అని ఆలోచిస్తున్నాను. పరిగెత్తుతూనే ఒక దుర్మార్గపు ఆలోచన కూడా వచ్చింది, ఉద్యోగం పోతుందని. అది ఎందుకు రాస్తున్నానంటే, భయంలో మనిషి ఎంత చిన్నవాడవుతాడో మీకు తెలియాలి.

వంపు తిరిగేసరికి రోడ్డు మీద మూడు సైకిళ్లు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. ముగ్గురు పిల్లలు లేచి నిలబడి ఉన్నారు. ఒకదాని మోచెయ్యి చీరుకుపోయి నెత్తురు కారుతోంది. ముగ్గురూ నీళ్ల వైపు చూస్తూ కేకలు పెడుతున్నారు.

వాళ్లకు నాలుగడుగుల అవతల రోడ్డు లేదు. ఎర్రటి నీళ్లు కుడి నుంచి ఎడమకు రోడ్డును కోసుకుంటూ పోతున్నాయి. లోతు చాచా చెప్పినంతే, పిక్కల దాకా. కానీ ఆ నీళ్లు మత్తడి బండల మీంచి జారి, వాగులో పడే తొందరలో ఉన్నాయి. రోడ్డు ఎడమ అంచున పాతిన గుర్తు రాళ్లలో ఒకదాన్ని రెండు చేతులతో వాటేసుకుని ముందుపిల్ల ఉంది. నడుము దాకా నీళ్లు. ఆ రాయి అవతల నీళ్లు నిలువునా కిందికి పడుతున్నాయి. సైకిలు ఎప్పుడో పోయింది.

"ఇది ఆగింది సార్, మేం గుద్దినం. గుద్దితే లోపల వడ్డది," అని రెండో పిల్ల ఏడుస్తూ చెప్పింది.

నేను నీళ్లలోకి దిగాను. కొల్లేటి మనిషిని, ఈత వచ్చు, పిక్కల లోతు. మొదటి అడుగు బాగానే పడింది. రెండో అడుగు ఎత్తగానే కింది కాలు నాది కాకుండా పోయింది. వెల్లకిలా పడ్డాను. ఈత రావడానికీ అక్కడి నీళ్లకూ సంబంధం లేదని పడుతూ పడుతూ తెలుసుకున్నాను. రెండో పిల్ల నా చొక్కా కాలరు పట్టుకుని ఈడ్చి గడ్డన పడేసింది. పదో తరగతి పిల్ల.

అప్పుడే చాచా కుడివైపు గట్టు మీంచి దిగాడు. నన్ను చూసి, "సార్, మీరు బరువున్నరు. గడ్డ మీద గూసోండ్రి, గిది గట్టిగ పట్టుకోండ్రి," అని భుజాన ఉన్న ట్యూబులు రెండూ ముడివేసి ఒక కొస నా చేతిలో పెట్టాడు. ఇంకో కొస తన నడుముకు చుట్టుకున్నాడు. ఇద్దరు పిల్లలు నా నడుము పట్టుకుని వెనక్కి వాలారు. నా పదిహేనేళ్ల సర్వీసులో ఆ పూట నేను చేసిన పనికొచ్చే పని ఒక బరువులా కూర్చోవడమే.

చాచాకు ఈత రాదు. అది నాకు తెలుసు. ఆయన కాలు ఎత్తలేదు. పాదాన్ని నేలకు రాస్తూ, నీళ్లకు ముఖం పెట్టి, పక్కకు పక్కకు జరుగుతూ పోయాడు. ఒక్కో జరుగుకు ఒకసారి ఆగాడు. ఆగినప్పుడల్లా రబ్బరు సాగేది. అది తెగుతుందేమోనని నేను దాని వంకే చూశాను, పిల్ల వంక చూడటానికి ధైర్యం చాలలేదు. పిల్ల అరవడం లేదు. అరవకపోవడం ఇంకా భయంగా ఉంది. అరచేతుల్లో ముచ్చెమటలు పట్టి ట్యూబు జారుతుంటే మణికట్టుకు రెండు చుట్లు చుట్టుకున్నాను. పోతే అందరం పోదాం అనుకున్నాను.

చాచా ఆ పిల్ల జబ్బ పట్టుకున్నాడు. "ఇడువు బిడ్డా, రాయి ఇడువు," అనడం వినిపించింది. పిల్ల విడవలేదు. మళ్లీ అన్నాడు. మూడోసారికి విడిచింది. అదే దారిన, అదే తీరుగా జరుగుతూ ఇద్దరూ వచ్చారు. ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు.

గడ్డ ఎక్కగానే పిల్ల బోర్లా పడి నీళ్లు కక్కింది. ఒళ్లంతా వణుకుతోంది. నేను పక్కన మోకాళ్ల మీద కూర్చుని వీపు రాస్తున్నాను. పిల్ల తల తిప్పి నన్ను చూసింది. నన్ను గుర్తుపట్టగానే ఆ కళ్లలోకి భయం వచ్చింది. నీళ్లలో ఉన్నప్పుడు చూశాను ఆ పిల్ల ముఖం, అప్పుడు కూడా అంత భయం లేదు.

"సార్, తుమ్మకంప ఒకటి రోడ్డు మీదికెళ్లి సర్రున కొట్టుకపోయింది సార్. అది జూసి బ్రేకు పట్టిన. విజిల్ కొట్టక ముందుకే పట్టిన. నన్ను తీసెయ్యకుండ్రి సార్."

చాచా తన చొక్కా పిండుకుంటూ అటు తిరిగి నిలబడ్డాడు.

పిల్లను అత్వెల్లిలో ఇంటి దగ్గర దింపడానికి నేనే పోయాను. తండ్రి తోటకు పోయాడు, ఇంట్లో అవ్వ ఉంది. ఎక్కడా దాచకుండా చెప్పాను: నీళ్లలోకి పంపింది నేనే, చాచా వద్దన్నా వినలేదు, బ్రేకు పట్టబట్టి వెనక ముగ్గురూ బతికారు. అవ్వ అంతా విని మనవరాలి వైపు తిరిగింది.

"సార్ జెప్పక ముందుకే ఎందుకాగినవే? గంత సదువుకున్న సారుకన్న నీకెక్కువ తెలుస్తదా?"

"అవ్వా, తప్పు నాది," అన్నాను.

"మీది మంచి మనసు సార్, పిల్లను దిట్టనియ్యరు," అంది. లోపలికి పోయి నాకు చాయ్ తెచ్చింది. ఆ చాయ్ ఎలా మింగానో నాకే తెలియాలి. తిట్టినా, నాలుగు తగిలించినా తేలిగ్గా పోయేది.

ఆ తర్వాత ప్రాక్టీసు ఎక్కుడు దిగుడు రోడ్ల మీదే జరిగింది. పిల్లల్ని నిలబెట్టి, "నియమం తీసేశాను. భయమేస్తే ఎవరైనా ఆగండి, నా విజిల్ కోసం చూడకండి. ముందుపిల్ల కేక వేసి నెమ్మదిగా పట్టాలి, వెనకవాళ్లు ఇంకో మూర ఎడం ఉండాలి," అన్నాను. వాళ్లు ఒకళ్ల ముఖం ఒకళ్లు చూసుకున్నారు. నమ్మలేదు. పిల్లల్ని నమ్మించడానికి నాకు ఏడాది పట్టింది, ఆ నమ్మకాన్ని పోగొట్టడానికి వారమే ఉంది. ముందుపిల్ల మరీ కష్టం. గేదె వచ్చినా, బస్సు వచ్చినా బ్రేకు మీద వేలు పెట్టి, వెనక్కి తిరిగి నా ముఖం చూసేది. నేను తల ఊపితేనే పట్టేది. ఒక్కోసారి కావాలనే తల ఊపకుండా చూశాను. పట్టేది కాదు. నాకు రాత్రిళ్లు నిద్ర ఉండేది కాదు.

జట్టును పంపనని చాచాతో అన్నాను.

"పిల్లలు పోతమంటున్రు సార్. పరేషాన్ అయ్యేది మీరే," అన్నాడు. అంతకుమించి మందలించలేదు. ఆ తెల్లారి సంగతి ఆయన మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు. ఎత్తి ఉంటే బాగుండేదనిపించేది.

పోటీ రోజు వచ్చింది. నేను పుట్టిన నేల, నాకు తెలిసిన నీళ్లు. అయినా ఆ కాలవ మీంచి కళ్లు తిప్పుకోలేకపోయాను. రోడ్డు పక్కనే, అంచుకు పిట్టగోడ కూడా లేకుండా, ఇద్దరు మనుషుల లోతున ఉంది. జట్ల వెనక కోచ్‌లు పోకూడదన్నారు, ముగింపు గీత దగ్గరే ఉండాలట. జట్లను రెండేసి నిమిషాల తేడాతో వదిలారు. మా పిల్లల వెనక ఎవరూ లేరు. తిరిగి చూస్తే కనిపించడానికి నా ముఖం లేదు.

మా లెక్క ప్రకారం రావలసిన సమయానికి రోడ్డు మీద ఎవరూ కనిపించలేదు. వేడికి తారు రోడ్డు మీద గాలి అల్లాడుతోంది. అర నిమిషం దాటింది. నిమిషం దాటింది. పక్కనున్న వేరే జిల్లా కోచ్ గడియారం చూసి, "మీవాళ్లు ఎక్కడో పడ్డట్టున్నారండీ," అన్నాడు. అతను మామూలుగానే అన్నాడు. చాచా అప్పటికే రోడ్డు మీదికి నడవడం మొదలుపెట్టాడు. నేను ఆయన్ని దాటి పరిగెత్తాను. పరిగెత్తుతూ రోడ్డు చూడలేదు, కాలవ చూశాను.

దూరంగా ఒక చుక్క కనిపించింది. లెక్కపెట్టాలని చూస్తే అంతా ఒక్కటిగా ఉంది. దగ్గరయ్యేకొద్దీ ఒకటి, రెండు, మూడు. కళ్లు తుడుచుకుని మళ్లీ చూశాను. నాలుగు. ఎడం ఎడంగా, నలుగురూ. నా పక్కనుంచే దూసుకుపోయి గీత దాటారు.

నేను రొప్పుకుంటూ వెనక్కి వచ్చేసరికి ముందుపిల్ల సైకిలు ఆనించి సీసాలో నీళ్లు గటగటా తాగుతోంది. ఎవరి ఒంటి మీదా చిన్న గీత కూడా లేదు.

"ఏమైంది?" అన్నాను.

పిల్ల మూతి తుడుచుకుని తాపీగా సీసా మూత పెట్టింది.

"బాతుల మంద అడ్డమొచ్చింది సార్," అంది. "ఆపిన."

ఇంకా ఏదైనా అంటుందేమోనని చూశాను. తీసెయ్యకండి అనలేదు. నా ముఖం వైపు కూడా చూడలేదు. రెండో పిల్లతో బాతుల గురించి ఏదో చెబుతూ నవ్వుతోంది. మాకు ఆ రోజు చివరి నుంచి రెండో స్థానం వచ్చింది. నేను కాలవ గట్టు మీద కూర్చుని, పిల్లలు చూడకుండా తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుని, చాలాసేపు ఏడ్చాను.